పాల లెక్కలకు డక్‌డీబీ: చిత్తూరు నుంచి ఒక రివ్యూ

డక్‌డీబీ అనే డేటాబేస్ ప్రోగ్రాం గురించి ఇంటర్నెట్‌లో బోలెడంత ఉంది కానీ దాదాపు అంతా సాఫ్ట్‌వేర్ వాళ్లు సాఫ్ట్‌వేర్ వాళ్ల కోసం రాసుకున్నదే. నాది ఆ ఫీల్డు కాదు. చిత్తూరులో ఒక ప్రైవేటు డెయిరీ ఆఫీసులో లెక్కలు చూస్తాను. గుడిపాల, యాదమరి, బంగారుపాళ్యం, తవణంపల్లె, పూతలపట్టు వైపు ఊళ్లలో మా పాల సెంటర్లు ఉన్నాయి. ప్రతి సెంటర్లోనూ పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట పాలు పడతారు. ఒక రైతు క్యాన్ తెచ్చి పోసినప్పుడల్లా కంప్యూటర్లో ఒక వరుస చేరుతుంది: రైతు కోడ్, లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో కొవ్వు, నీళ్లు పోగా మిగిలే ఘనపదార్థం), లీటరు రేటు, రావాల్సిన డబ్బు. ఈ వరుసల్లోంచి మనకు కావలసిన జవాబు బయటికి తీయడానికి ఇన్నాళ్లలో నేను వాడిన వాటన్నిటిలో డక్‌డీబీనే మేలని నా అభిప్రాయం. ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర ఎక్కడ పోయిందో, ఎవరికి ఇది పనికిరాదో కూడా చెబుతాను.

ముందు అసలు ఇబ్బంది ఏమిటో చెప్పాలి. ఒక డెయిరీకి 60 సెంటర్లు, సెంటర్‌కి 100 మంది రైతులు, రోజుకు రెండు పూటలు అనుకోండి. ఏడాదికి సుమారు 44 లక్షల వరుసలు. ఎక్సెల్‌లో ఒక షీట్‌కి 10,48,576 వరుసలే పడతాయి, అంటే మూడు నెలలు తిరిగేసరికి షీట్ నిండిపోతుంది. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో అయితే 65,536 వరుసలే. ఇదేదో మన దగ్గర మాత్రమే ఉన్న సమస్య అనుకోకండి, 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య శాఖ కోవిడ్ కేసుల ఫైళ్లను ఈ పాత ఫార్మాట్‌లో ఎక్కించుకోవడం వల్ల దాదాపు 16 వేల కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి, షీట్ నిండిపోయాక మిగతా వరుసలు తెగిపోయాయి. అంత పెద్ద దేశంలోనే అట్లా జరిగితే, నెలాఖరు బిల్లుల తొందరలో ఉన్న మనలాంటి ఆఫీసుల్లో ఏ వరుస ఎక్కడ రాలిపోయిందో ఎవరు పట్టుకుంటారు? ఇక్కడ ఒక వరుస పోయిందంటే ఒక పూట పాల డబ్బు పోయినట్టే, అది ఒకరింటి కూరగాయల ఖర్చు.

మాకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లేక కాదు. ఉంది, బిల్లులు బాగానే వేస్తుంది. కానీ అందులో ముందే తయారుచేసి పెట్టిన రిపోర్టులు తప్ప ఇంకేమీ రావు. ఫలానా సెంటర్లో సాయంత్రం పూట మాత్రమే ఎస్‌ఎన్‌ఎఫ్ ఎందుకు తగ్గుతోంది అని అడిగితే జవాబు ఉండదు. ఫోన్ చేస్తే "కొత్త రిపోర్టు కావాలంటే వేరే చార్జ్ సార్, టైం కూడా పడుతుంది" అంటారు. డేటా మాది, పాలు మా రైతులవి, ఒక ప్రశ్న అడగడానికి మాత్రం డబ్బు కట్టి వారాల తరబడి ఎదురుచూడాలి. దీని మీద నాకు చాలా కాలంగా కోపం ఉంది, ఈ రివ్యూ ఇంత పొడుగ్గా రాయడానికి అసలు కారణం అదే. ఏ ఊరి పాలు ఎట్లా ఉంటాయో, ఏ నెలలో పచ్చిమేత దొరకదో తెలిసిన మనిషికే ఏ ప్రశ్న అడగాలో తెలుస్తుంది, కాబట్టి అడిగే పని కూడా ఆ మనిషి చేతిలోనే ఉండాలి. అదృష్టం ఏమిటంటే ఆ సాఫ్ట్‌వేర్‌లో సీఎస్‌వీగా, అంటే విలువల మధ్య కామాలు పెట్టిన మామూలు టెక్స్ట్ ఫైలుగా, ఎక్స్‌పోర్ట్ చేసే బటన్ ఒకటి ఉంది. డక్‌డీబీకి అది చాలు.

డక్‌డీబీ నెదర్లాండ్స్‌లో పుట్టింది, ఆమ్‌స్టర్‌డామ్‌లో సీడబ్ల్యూఐ అనే గణితం, కంప్యూటర్ పరిశోధన సంస్థలో. పైథాన్ భాష మొదలైంది కూడా అక్కడే. మార్క్ రాస్‌వెల్ట్, హానెస్ ముహ్లైసెన్ అనే ఇద్దరు దీన్ని మొదలుపెట్టారు, 2019లో జనానికి ఇచ్చారు, 1.0 వెర్షన్ 2024 జూన్‌లో వచ్చింది. లెక్కల మీద పనిచేసేవాళ్లు పెద్ద డేటాబేస్ సర్వర్లు పెట్టుకోవడానికి ఇష్టపడక ఫైళ్లతోనే తంటాలు పడుతున్నారని గమనించి, సర్వరే అక్కర్లేని డేటాబేస్ చేద్దామనుకున్నారు. ఎంఐటీ లైసెన్స్, అంటే ఉచితం. ఆఫీసు పనికి, వ్యాపారానికి వాడుకున్నా ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు.

ఇన్‌స్టాల్ చేయడానికి పెద్ద తతంగం లేదు. విండోస్‌కి ఒక జిప్ ఫైలు దిగుతుంది, అందులో ఒకే ఒక ప్రోగ్రాం ఉంటుంది, దాన్ని మీ సీఎస్‌వీలు ఉన్న ఫోల్డర్‌లో పెట్టి తెరిస్తే నల్ల స్క్రీన్ వస్తుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, పోర్టు నంబరు, సర్వీసు స్టార్ట్ చేయడం, ఇవేవీ లేవు. ఇంతకుముందు ఏదైనా డేటాబేస్ నేర్చుకుందామని కూర్చున్నవాళ్లకు తెలుసు, సగం మంది ఇన్‌స్టాలేషన్ దగ్గరే విసిగిపోయి వదిలేస్తారు.

మొదటి ప్రశ్న కూడా అంతే తేలిక. ముందు టేబుల్ తయారుచేసి, కాలమ్‌ల పేర్లు చెప్పి, తర్వాత డేటా ఎక్కించి అనే వరస ఇక్కడ అవసరం లేదు. ఫ్రమ్ అని రాసి, పక్కన కోట్స్‌లో ఫైలు పేరు ఇస్తే చాలు, ఫైలునే టేబుల్‌గా చూస్తుంది. ఫైలు పేరు బదులు స్టార్ గుర్తు పెట్టి డాట్ సీఎస్‌వీ అంటే ఆ ఫోల్డర్‌లో ఉన్న సీఎస్‌వీలన్నీ ఒక్కటిగా కలిపి చదువుతుంది. ఏ వరుస ఏ ఫైలులోంచి వచ్చిందో ఒక కాలమ్‌లో చూపించమని కూడా అడగొచ్చు, మాకు ఫైలు పేరులోనే సెంటర్ నంబరు ఉంటుంది కాబట్టి ఇది చాలా పనికొచ్చింది. కొన్ని సెంటర్ల ఫైళ్లలో కాలమ్‌ల వరస వేరేగా ఉంటుంది, ఒకదాంట్లో లీటర్లు ముందు, ఇంకోదాంట్లో ఫ్యాట్ ముందు. పేరును బట్టి కలపమని ఒక ఆప్షన్ ఇస్తే దాన్నీ సర్దేస్తుంది. ఎక్సెల్‌లో ఇదే పని కాపీ పేస్టుతో చేసేవాళ్ల అవస్థ నాకు తెలుసు.

సమ్మరైజ్ అనే ఒక ఆజ్ఞ ఉంది, కొత్తగా వాడేవాళ్లు ముందు దీన్నే కొట్టండి. ప్రతి కాలమ్‌కీ అతి తక్కువ విలువ, అతి ఎక్కువ విలువ, సగటు, ఎంత శాతం ఖాళీలు ఉన్నాయో ఒక పట్టీలా ఇస్తుంది. ఫ్యాట్ కాలమ్‌లో అతి ఎక్కువ 35 అని కనిపించిందనుకోండి, ఎవరో 3.5 కొట్టబోయి చుక్క మర్చిపోయారని వెంటనే తెలిసిపోతుంది. ఆవు పాలకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశ ఆహార ప్రమాణాల సంస్థ) పెట్టిన కనీస ప్రమాణం ఫ్యాట్ 3.2 శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.3 శాతం. మా వైపు ఎక్కువగా హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్), జెర్సీ సంకర ఆవులే కాబట్టి అంకెలు ఈ చుట్టుపక్కలే తిరగాలి, ఇక్కడినుంచి బాగా దూరంగా ఉన్నది ఏదైనా కనిపిస్తే ఆగి చూడాలి.

ఇక నాకు దీని మీద నిజంగా నమ్మకం కుదిరిన సంగతి. తవణంపల్లె వైపు ఒక సెంటర్ నుంచి ఒక రైతు, పెద్దావిడ, ఆఫీసుకే వచ్చేసింది. "ఏం సార్, ఆవు అదే, మేత అదే, దాణా అదే. ఫ్యాట్ ఎట్లా తగ్గుతుంది సార్ ఉన్నట్టుండి? అడిగితే నీళ్లు కలిపినావేమో అంటాడు మీ సెంటర్ ఆయన." ఆ మాటకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. డబ్బు తగ్గిన బాధ కంటే ఆ నింద ఎక్కువ బాధపెట్టింది. కూర్చోమ్మా, చూస్తాను అన్నాను. మామూలుగా అయితే మేము ఆ ఒక్క రైతు కోడ్ తీసి, పాత బిల్లు, కొత్త బిల్లు పక్కపక్కన పెట్టి చూసి, అవునమ్మా తగ్గింది అని చెప్పేవాళ్లం. దానివల్ల ఎందుకు తగ్గిందో తెలియదు కదా.

ఈసారి మూడు ప్రశ్నలు అడిగాను. మొదటిది, ఆమెకు రోజువారీ ఫ్యాట్ ఎట్లా ఉంది? ఒక తేదీ నుంచి పడిపోయి అక్కడే నిలిచిపోయింది. రెండోది, అదే సెంటర్లో మిగతా రైతులందరికీ ఆ తేదీకి ముందు, తర్వాత ఎట్లా ఉంది? ఇంచుమించు అందరికీ అదే పొద్దున నుంచి తగ్గింది, అందరికీ దాదాపు ఒకే మేరకు. ఊళ్లో ఆవులన్నీ ఒకే పొద్దున ఒకేలా ఫ్యాట్ తగ్గించుకోవు కదా. అయినా ఎండాకాలం మొదలైనప్పుడు పాలలో చిక్కదనం తగ్గడం మామూలే, సీజన్ వల్ల కాదని తేలాలి. అందుకే మూడోది, చుట్టుపక్కల సెంటర్లలో అదే రోజుల్లో ఏమైంది? అక్కడ ఏ మార్పూ లేదు. అంటే ఆవు కాదు, మేత కాదు, ఎండ కాదు, మెషిన్. పాలు పరీక్షించే ఆ అనలైజర్‌ని చూపిస్తే సరిగ్గా కడగకపోవడం వల్ల లోపల పేరుకుపోయిందని, కాలిబ్రేషన్ కూడా తప్పిందని తేలింది. మేనేజ్‌మెంట్ వాళ్లు ఒప్పుకుని ఆ సెంటర్ రైతులందరికీ తేడా డబ్బు తర్వాతి బిల్లులో కలిపి ఇచ్చారు. ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఆమె టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపే వచ్చింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి ప్రశ్న అడిగే చోటే లేదు.

ఇంకో విషయం కూడా చెప్పాలి, డెయిరీల్లో పనిచేసేవాళ్లు దీన్ని తప్పకుండా పట్టించుకోవాలి. సెంటర్ సగటు ఫ్యాట్ అని చాలా రిపోర్టుల్లో వేసే అంకె రైతుల ఫ్యాట్‌లన్నీ కూడి మందితో భాగించింది. అది తప్పు. 2 లీటర్లు పోసిన మనిషి ఫ్యాట్‌కీ 40 లీటర్లు పోసిన మనిషి ఫ్యాట్‌కీ ఒకే బరువు ఇస్తే క్యాన్లలో ఉన్న పాల సంగతి మనకు ఎట్లా తెలుస్తుంది? ప్రతి వరుసలో లీటర్లను ఫ్యాట్‌తో గుణించి, అన్నీ కూడి, మొత్తం లీటర్లతో భాగించాలి. కిలోల లెక్కలో కావాలంటే లీటర్లను ముందు 1.03తో గుణించుకోవాలి, పాలు నీళ్లకంటే కాస్త బరువు కాబట్టి. డక్‌డీబీలో ఇది ఒక లైను. దీన్ని సెంటర్ల వారీగా తీసి, చిల్లింగ్ సెంటర్లో ట్యాంకర్ దిగినప్పుడు ల్యాబ్ వాళ్లు ఇచ్చిన అంకె పక్కన పెడితే తేడా ఎక్కడ వస్తోందో సెంటర్ సెంటర్‌కీ కనిపిస్తుంది. ఈ ఒక్క పట్టిక చూసి మా మేనేజర్ గారు ప్రతి వారం ఇది కావాలన్నారు.

ఇంత వేగం ఎక్కడిది అని నాకూ అనిపించి కొంత చదివాను. మామూలు డేటాబేస్‌లు మన పాల రిజిస్టర్ లాగే ఉంటాయి, ఒక రైతు వరుస మొత్తం ఒకచోట, దాని కింద ఇంకో వరుస. ఒక రైతు వివరం తీయాలంటే ఇదే మంచిది. కానీ లక్షల వరుసల్లో ఫ్యాట్ సగటు మాత్రమే కావాలంటే రిజిస్టర్లో పేజీలన్నీ తిప్పాల్సిందే. డక్‌డీబీ కాలమ్‌ల వారీగా దాస్తుంది, ఫ్యాట్‌లన్నీ ఒకచోట, లీటర్లన్నీ ఒకచోట. ఫ్యాట్ అడిగితే మిగతా కాలమ్‌ల జోలికి పోదు. పైగా ఒకే రకం విలువలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి బాగా కుదించి పెట్టగలదు. లెక్క చేసేటప్పుడు కూడా ఒక్కో విలువ కాకుండా 2048 విలువల గుంపును ఒక్కసారి ప్రాసెసర్‌కి ఇస్తుంది. డేటాని 1,22,880 వరుసల దొంతర్లుగా విడగొట్టి, ఒక్కో దొంతరలో అతి తక్కువ, అతి ఎక్కువ విలువలు ముందే రాసి పెట్టుకుంటుంది, మనం ఆగస్టు నెల అడిగితే ఆగస్టు లేని దొంతర్లను తెరవకుండానే దాటిపోతుంది. ర్యామ్ చాలకపోతే కొంత డిస్కు మీదికి దించి పని కొనసాగిస్తుంది. మా ఆఫీసు ల్యాప్‌టాప్ 8 జీబీదే, ఏడాది డేటాకి ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

ఈ కాలమ్ పద్ధతి లాభం పూర్తిగా రావాలంటే సీఎస్‌వీలను పార్కే అనే ఫార్మాట్‌లోకి మార్చి పెట్టుకోండి. ఇది 2013లో వచ్చింది, ట్విటర్, క్లౌడెరా వాళ్లు కలిసి చేశారు. డక్‌డీబీలో కాపీ అనే ఒక ఆజ్ఞతో మారిపోతుంది, ఫైలు సైజు బాగా తగ్గుతుంది. నెల పూర్తవగానే ఆ నెలది పార్కే చేసి పక్కన పెట్టేస్తాను, అసలు సీఎస్‌వీలు మాత్రం పారెయ్యను.

దీనికి ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్‌ని ప్రశ్నలు అడిగే భాష, నేర్చుకోవాలి, అది నిజం. ఆ పేరు వినగానే చాలామంది మనకెందుకులే అంటారు, ఆ భయం అనవసరం. 1970కి ముందు డేటాబేస్ అంటే, డేటా ఎక్కడ ఉందో, ఏ దారిలో వెళ్లి తేవాలో కూడా ప్రోగ్రాం రాసే మనిషే చెప్పాలి. ఐబీఎం శాన్‌హోసే ల్యాబ్‌లో పనిచేసే ఎడ్గార్ కాడ్ అనే ఆయన ఆ ఏడాది ఒక పరిశోధన పత్రం రాశాడు, డేటా అంతా పట్టికలుగా ఉంచుదాం, మనిషి తనకు ఏం కావాలో చెబితే చాలు, ఎట్లా తేవాలో మెషిన్ చూసుకుంటుంది అని. ఆ ఆలోచన మీద 1974లో అదే ఐబీఎంలో డోనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఈ భాషకు రూపం ఇచ్చారు. కంప్యూటర్ చదువు చదవని ఆఫీసు ఉద్యోగులు కూడా అడగగలగాలి అనేది వాళ్ల ఉద్దేశం. బాయిస్ అదే ఏడాది చిన్న వయసులోనే చనిపోయాడు, తన పని ఎంత దూరం పోయిందో చూడలేకపోయాడు. కాడ్‌కి 1981లో కంప్యూటర్ రంగంలో పెద్ద పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. చిత్తూరులో పాల లెక్కలు చూసే మనిషి వాళ్ల భాషలోనే ప్రశ్న అడిగి ఒక రైతమ్మకు జవాబు చెప్పగలిగాడంటే వాళ్ల ఉద్దేశం నెరవేరినట్టే అని నాకు అనిపిస్తుంది, ఆ ముగ్గురి మీదా నాకు నిజంగా గౌరవం ఉంది.

పైగా డక్‌డీబీ వాళ్లు ఎస్‌క్యూఎల్‌ని కొంచెం సుఖంగా కూడా చేశారు. గ్రూప్ బై అన్నాక కాలమ్‌ల పేర్లన్నీ మళ్లీ రాయకుండా ఆల్ అంటే సరిపోతుంది. ఎక్సెల్‌లో పివట్ అలవాటున్నవాళ్లకు ఇక్కడా పివట్ అనే ఆజ్ఞ ఉంది. కాలమ్ పేరు తప్పు కొడితే, బహుశా మీరు ఇది అనుకున్నారేమో అని దగ్గరి పేర్లు చూపిస్తుంది. సెలెక్ట్, వేర్, గ్రూప్ బై, ఆర్డర్ బై, ఈ నాలుగూ వస్తే మన పనిలో చాలావరకు అయిపోతుంది. జాయిన్ కొంచెం ఓపికగా నేర్చుకోవాలి, రైతు వివరాల ఫైలునీ పాల ఫైలునీ కోడ్ మీద కలపడానికి అది లేకుండా కుదరదు.

ఇప్పుడు ఆ అర మార్కు సంగతి. కాలమ్‌లో ఉన్నది అంకెనా, తేదీనా, అక్షరాలా అనేది డక్‌డీబీ కొన్ని వేల వరుసలు చూసి తనే ఊహిస్తుంది. చాలాసార్లు సరిగ్గానే ఊహిస్తుంది, కానీ రెండు చోట్ల మనం కాపు కాయాలి. రైతు కోడ్ 0045 అని ఉంటే దాన్ని అంకెగా తీసుకుని 45 చేసేస్తుంది, వేరే ఫైలులో అది 0045గానే అక్షరాల రూపంలో ఉంటే జాయిన్ చేసినప్పుడు ఇబ్బంది రావచ్చు. కోడ్ కాలమ్ అక్షరాలే అని మొదట్లోనే చెప్పేయండి. తేదీ కూడా అంతే. 03/04 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికా పద్ధతిలో మార్చి 4. నెల మొదటి పన్నెండు రోజుల ఫైళ్లు మాత్రమే ఇస్తే ఏ పద్ధతో తేల్చుకోవడానికి దానికి ఆధారం ఉండదు. డేట్ ఫార్మాట్ ఆప్షన్ ఇవ్వడం తప్పనిసరి చేసుకోండి. ఊహించినప్పుడు నేను ఫలానా విధంగా తీసుకున్నాను అని పైన ఒక ముక్క చూపిస్తే కొత్తవాళ్లకు ఎంతో మేలయ్యేది.

తెలుగు విషయంలో మిశ్రమంగా ఉంది. యూనికోడ్ తెలుగు పేర్లు లోపల పదిలంగా ఉంటాయి, వెతకడం, వరస పెట్టడం అన్నీ జరుగుతాయి. కానీ విండోస్ పాత నల్ల స్క్రీన్‌లో ఒత్తులు, గుణింతాలు విడిపోయి చదవడానికి రాకుండా పోతాయి. ఇది డక్‌డీబీ తప్పు కాకపోయినా ఇబ్బంది మనకే కదా. ఫలితాన్ని సీఎస్‌వీగా తీసి ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే కొన్నిసార్లు పిచ్చి అక్షరాలు వస్తాయి, అప్పుడు ఎక్సెల్‌లోనే డేటా మెనూ నుంచి యూటీఎఫ్-8 అని చెప్పి తెచ్చుకోవాలి. ఇక పాత రోజుల్లో అను ఫాంట్లలో కొట్టిన రైతుల జాబితాలు ఉన్నవాళ్లు ముందు వాటిని యూనికోడ్‌కి మార్చుకోవాల్సిందే, లేకపోతే ఏ డేటాబేస్‌లో వేసినా పేరుతో వెతికితే దొరకదు.

ఊళ్ల పేర్ల గొడవ అందరికీ ఉండేదే. బంగారుపాళ్యం, బంగారుపాలెం, బి.పాలెం, ఒకే సెంటర్‌కి ఎవరికి తోచినట్టు వాళ్లు కొడతారు. రెండు పేర్లు ఎంత దగ్గరగా ఉన్నాయో అంకె ఇచ్చే ఫంక్షన్లు డక్‌డీబీలోనే ఉన్నాయి. దగ్గరగా ఉన్న జతలన్నీ పైకి తెప్పించి, కళ్లతో చూసి, ఏది ఏదో ఒక చిన్న పట్టికలో రాసి పెట్టుకున్నాం. మెషిన్‌నే కలిపెయ్యమని మాత్రం చెప్పకండి, మన జిల్లాలో ఒకే పేరున్న పల్లెలు చాలా ఉన్నాయి.

ఎవరికి పనికిరాదు అంటే, కౌంటర్ దగ్గర నలుగురు ఒకేసారి ఎంట్రీలు కొట్టే చోట దీన్ని పెట్టకండి. ఒక డక్‌డీబీ ఫైలులో ఒకసారికి ఒక ప్రోగ్రామే రాయగలదు, చదవడం మాత్రమే అయితే ఎక్కువమంది చదవొచ్చు. ఎంట్రీలకు పోస్ట్‌గ్రెస్ లాంటి సర్వర్ డేటాబేస్ కావాలి, లేదా ఒక మెషిన్‌లో చిన్న పని అయితే ఎస్‌క్యూలైట్ ఉంది. రిచర్డ్ హిప్ అనే ఆయన 2000లో తయారుచేసిన ఆ ఎస్‌క్యూలైట్ మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఇప్పటికే ఉంది, ఫోన్‌లో చాలా యాప్‌లు తమ డేటా అందులోనే దాచుకుంటాయి. ఎంట్రీకి అది, విశ్లేషణకు ఇది. ఎస్‌క్యూలైట్ ఫైలుని డక్‌డీబీ నేరుగా తెరిచి చదవగలదు కూడా.

ఎక్సెల్‌ని వదిలెయ్యమని నేను చెప్పను. పవర్ క్వెరీ తెలిసినవాళ్లు అందులోనే పది లక్షలు దాటిన వరుసలతో కూడా పని చేస్తారు, బిల్లు ప్రింటు అందంగా రావాలంటే ఎక్సెలే దిక్కు. డక్‌డీబీలో ప్రింటు రిపోర్టు అంటూ ఏమీ ఉండదు, గ్రాఫులూ రావు. నేను జవాబు ఇక్కడ తీసి, ముఖం అక్కడ దిద్దుతాను. గూగుల్ షీట్స్‌లో మొత్తం కోటి గళ్ల పరిమితి ఉంది, పది కాలమ్‌లు ఉంటే పది లక్షల వరుసలకే అయిపోతుంది, అంతకు చాలా ముందే నెమ్మదిస్తుంది కూడా. పాత మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ వాడేవాళ్లు ఇంకా ఉన్నారు, దానికి ఫైలు 2 జీబీ దాటకూడదు.

నల్ల స్క్రీన్ అంటే ఇష్టం లేనివాళ్ల కోసం 2025 మార్చిలో బ్రౌజర్‌లో తెరుచుకునే పేజీ ఒకటి తెచ్చారు. ఎడమ పక్క పట్టికలు, మధ్యలో ప్రశ్న, కింద జవాబు. తెలుగు కూడా అందులో చక్కగా కనిపిస్తుంది. ఆ పేజీ తెరుచుకోవడానికి నెట్ కావాలి, లెక్క మాత్రం మన మెషిన్ మీదే జరుగుతుంది. ఈ చివరి మాట నాకు చాలా ముఖ్యం. రైతుల ఫైళ్లలో ఫోన్ నంబర్లు ఉంటాయి, బ్యాంకు అకౌంట్లు ఉంటాయి. ఉచితంగా విశ్లేషణ చేసి పెడతాం, ఫైలు అప్‌లోడ్ చేయండి అనే సైట్లలో వాటిని పడేయడం ఘోరం. డక్‌డీబీతో డేటా ఆఫీసు గది దాటదు.

తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం కింద డెయిరీ టెక్నాలజీ కాలేజీ ఉంది, అక్కడ చదివిన పిల్లలు మా లాంటి చోట్లకే ఉద్యోగాలకు వస్తారు. పాల గురించి వాళ్లకు తెలిసినంత మాకు తెలియదు, కానీ పది లక్షల వరుసల ఫైలు ముందు కూర్చోబెడితే ఏం చేయాలో తోచక ఇబ్బంది పడతారు. చదువుకునేటప్పుడే ఏదైనా ఒక సెంటర్ డేటా ఇచ్చి, పేర్లూ అకౌంట్లూ తీసేసి, దీంతో ప్రశ్నలు అడిగిస్తే వాళ్లకూ మంచిది, మాకూ మంచిది. అక్కడి మాస్టార్లు ఎవరైనా చదువుతుంటే ఆలోచించండి సార్. పాలే కాదు, బెల్లం మండీ, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, ఎక్కడైనా రోజూ తూకాలు, రేట్లు ఎక్కేచోట ఇదే పని.

మొదలుపెట్టేవాళ్లు అధికారిక సైట్ నుంచే దించుకోండి, ఇంకెవరో పెట్టిన కాపీలు వద్దు. కొత్త వెర్షన్‌లో ఉన్న సదుపాయం కోసం వెతుకుతూ పాత వెర్షన్ మీద గంటలు పోగొట్టుకోకుండా, ముందే వెర్షన్ నంబరు చూసుకోండి. అసలు సీఎస్‌వీలను ఒక ఫోల్డర్‌లో ముట్టుకోకుండా ఉంచి, వాటి కాపీల మీద పని చేయండి. మొదటి రోజు ఒక సెంటర్, ఒక నెల చాలు. దాని లీటర్ల మొత్తం మీ పాత బిల్లుతో పైసా తేడా లేకుండా కలిశాకే మిగతా సెంటర్లు కలపండి.